హారంలో ఎవరున్నారు? తిరుపతిలో ఇల్లు వెతికేవారు అంకెలు చదవవలసిన తీరు

పదవీ విరమణ తరువాత చిత్తూరు విడిచి తిరుపతిలో స్థిరపడాలనుకున్న మా చిన్నాయన, ఇల్లు చూడడానికి వస్తూ నాలుగు పేజీల పట్టిక ఒకటి వెంట తెచ్చారు. ఎక్కడ ఎన్ని దొంగతనాలు జరిగాయి, గజం ధర ఎంత, అక్షరాస్యత ఎంత, గాలి ఎలా ఉంది అనే వివరాలను పత్రికల నుంచీ ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచీ ఓపికగా ఏరి రాసుకున్నారు. ఆ అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. అయితే అక్షరాస్యత అంకె జిల్లాల విభజనకు ముందున్న చిత్తూరు జిల్లా మొత్తానిది, దొంగతనాల లెక్క పోలీసు జిల్లాది, గాలి లెక్క కొండమీద పెట్టిన యంత్రానిది, గజం ధర రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన విలువ. ఆయన కాపురం ఉండబోయే వీధికి చెందిన అంకె ఆ నాలుగు పేజీలలో ఎక్కడా లేదు.

ఒక ప్రాంతాన్ని అంకెలతో తూచాలనుకునేవారు ప్రతి అంకెనూ మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ హద్దుకు చెందినది? దీని హారంలో, అంటే కింద ఉండి భాగించే సంఖ్యలో, ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు? ఇది ఏ ఏటిది? ఈ మూడింటిలో రెండవ ప్రశ్న ఏ ఊళ్లోనైనా ముఖ్యమే కానీ, ఊరి జనంతో పాటు ప్రతిరోజూ వేల సంఖ్యలో యాత్రికులు వచ్చిపోయే తిరుపతిలో దానిని అడగకపోతే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. ఒక నోటుపుస్తకంలో అంకె, హద్దు, హారం, సంవత్సరం అని నాలుగు గళ్లు గీసుకుని పని మొదలుపెట్టండి. హద్దు గడి నింపలేని అంకె ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దానిని కొట్టివేయడమే మంచిది.

ఒకే పేరు, అయిదు హద్దులు

తిరుపతి అనే పేరుతో ప్రచురితమయ్యే లెక్కలకు కనీసం అయిదు వేర్వేరు హద్దులు ఉన్నాయి. మొదటిది నగరపాలక సంస్థ. 2011 జనగణన ప్రకారం దాని జనాభా సుమారు 2.87 లక్షలు. రెండవది చుట్టూ అంటుకుని పెరిగిన ఊళ్లను కూడా కలుపుకున్న పట్టణ సముదాయం. అదే జనగణనలో దాని జనాభా సుమారు 4.6 లక్షలు. అంటే ‘తిరుపతిలో ఉంటున్నాం’ అని చెప్పేవారిలో మూడోవంతుకు పైగా ఆనాటికే నగరపాలక సంస్థ లెక్కల్లో లేరు. తిరుచానూరు, అవిలాల, పేరూరు అప్పుడు ఆ గీతకు ఆవలే ఉన్నాయి. మూడవది 1981లో ఏర్పడిన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి. నాలుగవది 2022కు ముందున్న తిరుపతి అర్బన్ పోలీసు జిల్లా. అయిదవది 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లా. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, వెంకటగిరి వంటి ప్రాంతాలు ఇందులో చేరాయి కాబట్టి, ‘తిరుపతి జిల్లా సగటు’ అని చెప్పినప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పల్లెలు కూడా ఆ సగటులోనే కలిసి ఉంటాయి. కపిలతీర్థం రోడ్డులో ఇల్లు వెతుక్కునేవారికి ఆ సగటు ఏ విధంగానూ పనికిరాదు.

పాత అంకెలను చూసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అక్షరాస్యత 71.5 శాతం, ప్రతి 1,000 మంది పురుషులకు 997 మంది స్త్రీలు అని ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే అంకెలు కుప్పం, మదనపల్లె, శ్రీకాళహస్తి అన్నీ ఒకే గొడుగు కింద ఉన్న చిత్తూరు జిల్లావి, అదీ 2011 నాటివి. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. దాని ఫలితాలు ప్రచురితమయ్యే వరకు ఎవరు ఏ జనాభా అంకె చెప్పినా అది 2011 లెక్క అయినా కావాలి, లేదా దాని మీద కట్టిన అంచనా అయినా కావాలి. పరిశుభ్రతలో పోటీపడే నగరాలకు ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ 2024-25 గుర్తింపుల్లో తిరుపతి 50 వేల నుంచి 3 లక్షల లోపు జనాభా గల నగరాల వర్గంలో నిలిచింది. ఆ వర్గం పేరును, సాయంత్రం ఎయిర్ బైపాస్ రోడ్డులో కనిపించే రద్దీని పక్కపక్కన పెట్టి చూస్తే పాత హారం ఎంత కాలం బతుకుతుందో అర్థమవుతుంది. ఆ గుర్తింపు ఊరికి గౌరవమే, కానీ అది ఊరు మొత్తానికి వచ్చినది. మీరు చూస్తున్న సందులో చెత్త బండి వారానికి ఎన్నిసార్లు వస్తుందో అది చెప్పదు.

హద్దు ఎంత చిన్నదైతే అంత మంచిదని కూడా అనుకోకూడదు. 2011 జనాభాను నగరంలోని 50 డివిజన్లతో భాగిస్తే ఒక్కో డివిజన్‌కు సగటున 5,700 మంది పైచిలుకు వస్తారు. అంత చిన్న సమూహంలో ఒక ఏడాది రెండు సంఘటనలు, మరుసటి ఏడాది అయిదు జరిగితే ‘నేరాలు 150 శాతం పెరిగాయి’ అని శీర్షిక పెట్టవచ్చు. నిజానికి అక్కడ పెరిగినవి మూడు. చిన్న హద్దుల లెక్కలను కనీసం మూడు, వీలైతే అయిదు సంవత్సరాలకు కలిపి చూడాలి. శాతం కనిపించిన ప్రతిచోటా దాని వెనుక అసలు సంఖ్య ఎంతో అడగాలి.

దొంగతనాల లెక్క చదవడం

అందరూ మొదట అడిగేది భద్రత గురించే కాబట్టి దీనిని కాస్త నిదానంగా చూద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ నేరాల రేటును లక్ష జనాభాకు ఇన్ని అని ప్రకటిస్తుంది. జరిగిన నేరాలు లవం (పైన ఉండే సంఖ్య), అక్కడ నివసించే జనాభా హారం. బస్టాండు, రైల్వే స్టేషను, గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల ప్రాంతాల్లో ఏ సమయంలో చూసినా తిరిగేవారిలో ఎక్కువమంది అక్కడ నివసించేవారు కారు. తిరుమలలో సాధారణ రోజుల్లోనే అరవై, డెబ్భై వేల మంది దర్శనం చేసుకుంటారు, వారిలో చాలామంది ఈ వీధుల మీదుగానే వెళతారు. వారి జేబులో పర్సు పోతే ఆ కేసు లవంలో చేరుతుంది. వారు మాత్రం హారంలో చేరరు.

లెక్కలో తేడా ఎలా వస్తుందో కల్పిత అంకెలతో చూద్దాం. ఒక స్టేషన్ పరిధిలో 30,000 మంది నివాసులు, ఏడాదికి 150 దొంగతనాలు ఉన్నాయనుకుందాం. లక్షకు 500. మరో స్టేషన్ పరిధిలో 40,000 మంది నివాసులు, 60 దొంగతనాలు. లక్షకు 150. మొదటి ప్రాంతం మూడింతలకు మించి ప్రమాదకరమని ఎవరైనా అంటారు. ఇప్పుడు మొదటి ప్రాంతంలో సగటున 50,000 మంది బయటివారు తిరుగుతుంటారని హారంలో కలపండి. 80,000 మందికి 150 అంటే లక్షకు 188కి దిగుతుంది. అంతటితో ఆగకుండా, ఆ 150లో ఇళ్ల తాళాలు పగలగొట్టినవి ఎన్నో అడగండి. అవి 15 మాత్రమే అనీ, అక్కడ 8,000 ఇళ్లు ఉన్నాయనీ అనుకుంటే పదివేల ఇళ్లకు 19 పడతాయి. రెండవ ప్రాంతంలో 60లో 30 ఇళ్ల దొంగతనాలే అనీ, అక్కడ 10,000 ఇళ్లు ఉన్నాయనీ అనుకుంటే పదివేలకు 30. ఇంట్లో కాపురం ఉండేవారికి కావలసిన లెక్క ఇదే, దీని ప్రకారం మొదటి ప్రాంతమే నయం. ఒకే సమాచారాన్ని మూడు హారాలతో భాగిస్తే మూడు సమాధానాలు వచ్చాయి. రైల్వే స్టేషను దగ్గరి ప్రాంతాలను ‘అక్కడా?’ అని ముఖం చిట్లించి తోసిపుచ్చేవారు ఈ మూడో భాగహారం చేసి చూశారా అని నాకెప్పుడూ అనుమానమే.

ఈ లెక్కల్లో ఇంకొన్ని మెలికలు ఉన్నాయి. ఒకే ఎఫ్ఐఆర్‌లో పలు నేరాలు ఉంటే వాటిలో తీవ్రమైన దానినే జాతీయ లెక్కల్లో చేరుస్తారు. దోపిడీ చేస్తూ హత్య చేస్తే అది హత్యగానే లెక్కకు వస్తుంది తప్ప దోపిడీల పట్టికలో కనిపించదు. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మెడలో గొలుసు తెంపుకుపోవడం వంటి లాక్కెళ్లే నేరానికి అందులో 304వ సెక్షన్ కింద ప్రత్యేకమైన గుర్తింపు వచ్చింది. అందువల్ల 2023, 2025 పట్టికలను పక్కపక్కన పెట్టి ఫలానా నేరం పెరిగిందని, తగ్గిందని తేల్చేముందు వర్గీకరణ మారిందా అన్నది చూడాలి. కేసుల సంఖ్య పెరగడం ప్రతిసారీ చెడ్డ సూచనే కానక్కరలేదు. ఫిర్యాదును తిప్పి పంపకుండా నమోదు చేసే స్టేషన్‌లో అంకె పెద్దదిగానే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి సున్నా చూపించే చోటే కాస్త ఆలోచించాలి.

వీధి స్థాయి సమాచారం కావాలంటే ఎఫ్ఐఆర్‌లనే చూడవచ్చు. నమోదైన 24 గంటల్లోగా వాటిని వెబ్‌సైట్‌లో పెట్టాలని, సున్నితమైన కేసులకు మినహాయింపు ఇస్తూ, సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. ముందుగా మీరు చూస్తున్న ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. అలిపిరి, ఎమ్మార్ పల్లె, తిరుచానూరు, ఈస్ట్, వెస్ట్ స్టేషన్ల హద్దులు మున్సిపల్ డివిజన్ల హద్దులతో కలవవు కాబట్టి రోడ్డుకు ఈ పక్క ఒక స్టేషను, ఆ పక్క మరొకటి కావచ్చు. తరువాత ఇళ్ల దొంగతనాలను మాత్రమే విడదీసి, అవి పగలు జరిగాయా రాత్రి జరిగాయా, తాళం వేసిన ఇళ్లలోనా మనుషులున్న ఇళ్లలోనా అన్నది గమనించండి. వేసవి సెలవుల్లో, పండుగలకు ఊళ్లకు వెళ్లినప్పుడు తాళం వేసిన ఇళ్లలోనే ఎక్కువగా జరిగి ఉంటే, ఆ ప్రమాదాన్ని ప్రాంతం మార్చి కాక, ఊరికి వెళ్లేముందు, తాళం వేసిన ఇళ్లను కనిపెట్టి ఉండే పోలీసుల ‘ఎల్‌హెచ్‌ఎంఎస్’ నిఘా సేవకు సమాచారం ఇచ్చి తగ్గించుకోవచ్చు.

రోడ్డు ప్రమాదాల విషయంలో ‘బ్లాక్ స్పాట్’ అన్న మాటను అందరూ తేలికగా వాడేస్తుంటారు. దానికి నిర్దిష్టమైన అర్థం ఉంది: దాదాపు 500 మీటర్ల రోడ్డులో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో 5 ప్రమాదాలు జరగడం, లేదా 10 మంది మరణించడం. చంద్రగిరి వైపు, రేణిగుంట వైపు హైవే పక్కన ఇల్లు చూసేవారు పిల్లలు రోజూ దాటవలసిన కూడలి ఈ జాబితాలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

ధర, అద్దె, అంకణం

ఇక్కడ కొలత దగ్గరే పొరపాటు జరుగుతుంది. తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తిరుపతి ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి కాబట్టి ‘జిల్లాలో అంకణం ధర ఇంత’ అనే మాటకు అర్థం లేదు. ఎవరు ఏ కొలతలో చెప్పినా గజాల్లోకి మార్చి రాసుకోండి.

రిజిస్ట్రేషన్ శాఖ ప్రకటించే మార్కెట్ విలువ పేరుకు మార్కెట్ విలువే కానీ, అది పన్ను లెక్కకట్టడానికి ప్రభుత్వం పెట్టుకున్న అంకె. రాష్ట్రంలో సాధారణ అమ్మకాలకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 7.5 శాతం పడుతుంది కాబట్టి, దస్తావేజులో విలువను వీలైనంత తక్కువగా, అంటే ప్రభుత్వ విలువకు సమానంగా చూపే అలవాటు మనకు తెలిసిందే. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి గత పది అమ్మకాల సగటు కడితే మనకు కనిపించేది బజారు ధర కాదు, ప్రభుత్వ విలువకు పట్టిన అద్దం. ఈసీ వల్ల వేరే ఉపయోగం ఉంది: అయిదేళ్లలో అదే స్థలం నాలుగు చేతులు మారితే అక్కడ నివసించడానికి కొంటున్నవారి కన్నా తిప్పి అమ్మడానికి కొంటున్నవారే ఎక్కువని ఊహించవచ్చు.

అద్దెల విషయానికి వస్తే సగటు కన్నా మధ్యగతం నమ్మదగినది. ఒక వీధిలో తొమ్మిది ఇళ్ల అద్దెలు 8,000, 9,000, 9,500, 10,000, 10,000, 11,000, 12,000, 13,000, 35,000 అనుకుందాం. చివరిది కొత్తగా కట్టిన లిఫ్టు ఇల్లు. సగటు 13,000 దాటుతుంది. ఆ ఒక్కటి తప్ప 13,000 దాటిన ఇల్లు ఆ వీధిలో లేదు. అద్దెలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాసి నడుమ ఉన్న అయిదోదాన్ని తీసుకుంటే 10,000 వస్తుంది, వీధి వాస్తవానికి అది దగ్గర. మధ్యవర్తి ‘ఈ ఏరియాలో యావరేజి పదమూడు నడుస్తోందండీ’ అన్నప్పుడు ఆయన అబద్ధం చెబుతున్నారని కాదు, మనకు పనికిరాని నిజం చెబుతున్నారు.

టు-లెట్ బోర్డులు చూసి రాసుకునే అద్దెల్లో మరో లోపం ఉంది. బోర్డు కనిపించేది ఖాళీగా ఉన్న ఇంటికే. నీళ్లు బాగా వచ్చి, యజమాని మంచివాడై, అద్దె సబబుగా ఉన్న ఇల్లు ఖాళీ కాకముందే చుట్టాల ద్వారానో, తోటి ఉద్యోగుల ద్వారానో మరొకరి చేతికి వెళుతుంది. బోర్డుల మీది అద్దెల్లో మిగిలిపోయిన ఇళ్ల వాటా ఎక్కువ. కాబట్టి బోర్డులున్న ఇళ్లను అయిదు, ఇప్పటికే కాపురం ఉంటున్న ఇళ్లను అయిదు కలిపి అడగడం మేలు.

నీరు, వాన, గుంటలు

నాకు స్వయంగా దెబ్బ తగిలింది ఈ విషయంలోనే. కొన్నేళ్ల కిందట డిసెంబరు నెలలో ఒక కాలనీలో ఇల్లు చూసి, బోరులో నీళ్లు పుష్కలంగా ఉన్నాయన్న యజమాని మాటతో పాటు ఆ ప్రాంతపు భూగర్భ జలమట్టం అంకె కూడా చూసుకుని, సంతృప్తిపడి అడ్వాన్సు ఇచ్చాను. ఏప్రిల్ చివరికి బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. నేను చూసిన అంకె నిజమైనదే, కానీ అది నవంబరు అంకె. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి ఆ నెలల్లో, ఆ వెంటనే కొలిచిన నీటిమట్టం ఏడాదిలోకెల్లా మెరుగ్గా ఉంటుంది. భూగర్భ జల శాఖ తన పరిశీలక బోర్లలో నీరు నేల మట్టానికి ఎన్ని మీటర్ల లోతున ఉందో నెలనెలా కొలుస్తుంది. ఆ పట్టికలో చూడవలసినది మే నెల అంకె, అదీ ఒక్క ఏడాదిది కాక, వానలు తగ్గిన ఏడాదిది ఒకటైనా ఉండాలి. ఇక్కడ అంకె పెద్దదైతే నీరు లోతుకు పోయిందని అర్థం. తొందరలో తలకిందులుగా చదివేవారిని నేను చూశాను.

నగరానికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీరు వస్తుంది. ఊరికి ఎంత నీరు వచ్చినా, మీరు చూస్తున్న వీధి కుళాయికి ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు వస్తుందన్నదే మీకు కావలసిన లెక్క. వార్డు సచివాలయాన్ని పట్టణాల్లో దాదాపు 4,000 మందికి ఒకటి చొప్పున పెట్టారు కాబట్టి అక్కడి సౌకర్యాల కార్యదర్శికి ఆ వీధి సంగతి తెలిసే ఉంటుంది. ఆయన చెప్పినది వీధి మొదట్లో ఒక ఇంట్లో, చివర్లో ఒక ఇంట్లో అడిగి సరిచూసుకోండి, ఎందుకంటే గొట్టం చివర ఉన్న ఇళ్లకు ఒత్తిడి తగ్గుతుంది.

బోరు నీటికి చాలామంది టీడీఎస్ మీటరు పెట్టి చూసి తృప్తిపడతారు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం వాంఛనీయం, వేరే నీరు దొరకని పక్షంలో 2,000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌కు వాంఛనీయ హద్దు 1 మిల్లీగ్రాము, గరిష్ఠం 1.5. అంత స్వల్ప మోతాదును టీడీఎస్ మీటరు విడిగా చూపలేదు. టీడీఎస్ 400 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండవచ్చు. దానికి ప్రయోగశాల పరీక్షే శరణ్యం.

ఇక వరద. 2021 నవంబరు వానలను తిరుపతివారు మరిచిపోలేరు. శేషాచలం కొండల మీద కురిసిన వాన కపిలతీర్థం వైపు నుంచి వీధుల్లోకి దూకింది. స్వర్ణముఖి పొంగి ఒడ్డున కట్టిన ఇల్లు నదిలోకి ఒరిగిపోయిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి వాన పెద్దదైతే మునుగుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అలాంటి వాన ‘వందేళ్లకు ఒకసారి’ వస్తుందని ఎవరైనా అంటే, ఇక తొంభై ఏళ్లు నిశ్చింత అని అర్థం కాదు. ప్రతి ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. ముప్పై ఏళ్ల గృహరుణం తీర్చేలోగా అది కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. పదేళ్లు అద్దెకు ఉండేవారికి అదే అవకాశం 10 శాతానికి కొంచెం తక్కువ. కొనేవారికీ అద్దెకు ఉండేవారికీ ఒకే అంకె వేర్వేరు బరువు తూగేది ఇలాంటి చోటే.

వరద విషయంలో ఏ పట్టికా చెప్పనిది కొన్నిసార్లు ఊరి పేరు చెబుతుంది. కొర్లగుంట, తాతయ్యగుంట, కేశవాయనిగుంట, తుమ్మలగుంట. మన పెద్దలు గుంట అని ఊరికే పిలవలేదు. ఈ పేరున్న ప్రతి వీధీ మునుగుతుందని నేను అనడం లేదు, ఎత్తు పెంచి, కాలువలు వేసి బాగుచేసుకున్నవి ఉన్నాయి. కానీ పేరు ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది, ఆ ప్రశ్నకు జవాబు రెవెన్యూ రికార్డుల్లో దొరుకుతుంది. సర్వే నంబరు తీసుకుని పాత రిజిస్టరులో ఆ భూమి చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, గుంట పోరంబోకు అని నమోదై ఉందేమో చూడండి. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (భూమి వివరాల రికార్డు), ఎఫ్ఎంబి (సర్వే నంబరు కొలతల) పటం చూడవచ్చు. పటంలో వాగు గీత మీ ప్రహరీ పక్కనుంచి వెళుతూ, నేల మీద ఆ వాగు కనిపించకపోతే, నీరు దారి మరిచిపోయిందని అనుకోకూడదు. ఆపైన పక్కింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి, టేపుతో కొలిచి రాసుకోండి.

గాలి, బడి

ఈ రెండింటికీ ఎక్కువ సమయం అక్కరలేదు. గాలి నాణ్యత సూచీ 50 లోపు ఉంటే మంచిది, 51 నుంచి 100 వరకు సంతృప్తికరం, 101 నుంచి 200 వరకు మధ్యస్థం. తిరుపతి పేరుతో కనిపించే అంకె ఏ కేంద్రానిదో చూడాలి. తిరుమలలోని కేంద్రానిదైతే అది అడవి నడుమ, ఊరికి ఎంతో ఎత్తున కొలిచిన గాలి. వైకుంఠపురం కేంద్రానిదైతే అది కింద ఊళ్లోది. మా చిన్నాయన పట్టికలో ఉన్నది మొదటిది.

బడుల విషయంలో యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ప్రతి పాఠశాలకు విద్యార్థులు, ఉపాధ్యాయుల సంఖ్య దొరుకుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదవ తరగతి వరకు 30 మందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు ఉపాధ్యాయులు ఉండాలి. ఉత్తీర్ణత శాతం గొప్పగా చెప్పుకునే చోట మళ్లీ హారమే అడగండి: పరీక్ష రాసినవారిలో ఎంతమంది గట్టెక్కారని కాక, తొమ్మిదో తరగతిలో చేరినవారిలో ఎంతమంది గట్టెక్కారని. మధ్యలో ఎవరిని టీసీ ఇచ్చి పంపారో ఆ రెండో లెక్కలోనే బయటపడుతుంది.

సొంత లెక్క

ప్రభుత్వ అంకెలు ఎంత నిక్కచ్చిగా చదివినా వీధి స్థాయికి వచ్చేసరికి అవి పలచబడతాయి. అక్కడినుంచి మన కాళ్లే పని చేయాలి. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, వీలైతే బ్రహ్మోత్సవాల్లో ఒక రోజు, మొత్తం మూడు రోజులు ఆ వీధికి వెళ్లండి. ఉదయం ఎనిమిదింటికి పిల్లల బడికి, మధ్యాహ్నం రుయా ఆసుపత్రికి, సాయంత్రం ఏడింటికి బస్టాండుకు ఎంత సమయం పట్టిందో నిమిషాల్లో రాసుకోండి, కిలోమీటర్లలో వద్దు. గరుడ సేవ రోజున అలిపిరి వైపు మూడు కిలోమీటర్లు ఎంతసేపు పడుతుందో పటం చెప్పదు. వీధిలో ఒక గంట నిలబడి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో లెక్కపెట్టండి. కరెంటు ఏ ఫీడరు నుంచి వస్తుందో, గత నెలలో ఎన్నిసార్లు పోయిందో, మిషను మీద బట్టలు కుట్టేవారినో, పిండిమర నడిపేవారినో అడగండి. కరెంటు పోతే సంపాదన ఆగిపోయేవారి జ్ఞాపకం మిగతావారి కన్నా కచ్చితంగా ఉంటుంది.

ఎవరిని అడగాలన్నది కూడా నమూనా ఎంపికే. ఇల్లు చూపించిన మధ్యవర్తి పరిచయం చేసిన ఇద్దరిని అడిగితే మధ్యవర్తి మాటే మూడుసార్లు వినిపిస్తుంది. వీధిలో ప్రతి నాలుగో ఇంటి తలుపు తట్టడం పాత పద్ధతి, దానిని మించినది ఇప్పటికీ లేదు. అయిదేళ్లకు పైగా ఉన్నవారు ఇద్దరు, ఏడాది లోపు వచ్చినవారు ఇద్దరు, ఆ వీధి వదిలి వెళ్లిపోయినవారు ఒకరైనా ఆ జాబితాలో ఉండేలా చూసుకోండి. ఉంటున్నవారిని మాత్రమే అడిగితే అక్కడ నచ్చనివారి సంగతి ఎప్పటికీ తెలియదు, వారు హారంలోంచి ముందే వెళ్లిపోయారు కనుక.

మా చిన్నాయన చివరికి రెండు ఇళ్ల దగ్గర ఆగారు. ఒకటి మంగళం వైపు, మరొకటి ఎమ్మార్ పల్లెలో. నాలుగు పేజీల పట్టిక ఒక పేజీకి దిగింది, కానీ ఆ పేజీలో హద్దు గడి ఎక్కడా ఖాళీగా లేదు. మోకాళ్ల నొప్పి ఉన్న పిన్నికి మేడమీది ఇల్లు కుదరదన్న సంగతి ఏ గడిలోనూ లేకపోయినా, దానినే అన్నిటికన్నా పైన రాసుకున్నారు. 2027 జనగణన లెక్కలు వచ్చాక ఆ పేజీని మళ్లీ రాయాలని ఆయన అంటున్నారు. అప్పుడు కొత్త జనాభాను పాతదానితో పోల్చి పెరుగుదల శాతం కట్టేముందు, రెండు లెక్కలూ ఒకే హద్దుకు చెందినవా, ఈ పదహారేళ్లలో ఏ ఏ పంచాయతీలు నగరంలో కలిశాయి అన్నది వార్డు పటం పరచి చూసుకోవలసి ఉంటుంది.